ఊబిలో రాత్రంతా పరుగు, నేను చెప్పిన ఒక్క అబద్ధం

స్క్రీన్ మీద అంతా నల్లగా ఉందని ఫోను కొట్టుకోకండి, వీడియో బాగానే ఉంది. ఆ గుండ్రటి వెలుగు నా తలకు కట్టుకున్న లైటుది, దాని కింద మోకాలి దాకా కనబడుతున్నది నా కాలు, మోకాలి కింద కనబడనిది కూడా నా కాలే.

నమస్తే, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఇంగ్లండులో, షెఫీల్డులో ఉన్న రోజుల్లో పరిగెట్టిన రేసు ఇది, పేరు హై పీక్ మారథాన్, అక్కడి యూనివర్సిటీ కుర్రాళ్ళ క్లబ్బు నడిపిస్తుంది. మారథాన్ అన్నారు కదా అని 42 కిలోమీటర్లనుకోకండి, 40 మైళ్ళు, అంటే మన లెక్కలో దాదాపు 64 కిలోమీటర్లు. ఈడేల్ అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టి మళ్ళీ అక్కడికే రావాలి. డెర్వెంట్ అని ఒక నది ఉంది, పడ్డ వాన ఒక పక్క ఆ నదిలోకి, ఇంకో పక్క వేరే నదుల్లోకి జారే కొండల గట్టు ఉంటుంది చూడండి, పొలం గట్టు లాగా, ఆ గట్టు వెంబడే తిరగాలి. చలికాలం ఇంకా పోని రోజుల్లో, రాత్రి పూట, నలుగురు ఒక టీము. ఒకడు ముందుకు ఉరికేసి ఇంకొకడు వెనక తేలడానికి లేదు, కలిసే వెళ్ళాలి.

బురదంటే మనకి భయమేంటి అని నవ్వుకున్నాను నేను. చిన్నప్పుడు ఉబాలప్పుడు దమ్ము చేసిన మడిలో పొద్దంతా తిరిగినవాణ్ణి, మడమ ముందు లేపి కాలివేళ్ళు కిందికి వంచి లాగితే కాలు ఎంత సులువుగా వస్తుందో నాకు ఎవడూ చెప్పక్కర్లేదు. కానీ ఒక తేడా ఉంది, అది అక్కడికి పోయాకే తెలిసింది. మన మడిలో కాలు పిక్క దాకా దిగుతుంది, కింద నాగలి తగలని గట్టి నేల పట్టుకుంటుంది. అక్కడ కింద ఏమీ లేదండీ. అది మట్టే కాదు, పీట్ అంటారు, నాచూ గడ్డీ వేల ఏళ్ళుగా నీళ్ళలో పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయిన నల్లటి పదార్థం, ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప, అందులో నూటికి తొంభై వంతులు నీళ్ళే. చుట్టుపక్కల పట్నాల మిల్లుల పొగ ఆ నాచుని చాలా చోట్ల చంపేసింది, పైన కప్పు పోయింది, వాన కోసేసింది. అలా కోసిన కాలవల్ని గ్రఫ్‌లంటారు. మనిషి లోతు ఉంటాయి. దిగితే చుట్టూ నల్లటి గోడలు, ఎక్కి చూస్తే అచ్చం అలాంటిదే ఇంకోటి, నాలుగు ఎక్కి దిగేసరికి ఉత్తరం ఎటో ఎవడికీ తెలీదు. పగలైనా తికమకే. కొన్ని చోట్ల దారి పొడవునా రాతి పలకలు పరిచారు, పడగొట్టేసిన పాత మిల్లుల్లో నేలకి వేసిన రాళ్ళట అవి, పాపం కడుక్కోవడానికి చేసినట్టుంది.

సరే, దారిలో బ్లీక్‌లో అనే కొండ వచ్చింది. 633 మీటర్ల ఎత్తు, అంతే, మన మహేంద్రగిరి 1501 మీటర్లు, అందులో సగం కూడా లేదు. ఆ "అంతే" అన్న మాటే నా కొంప ముంచింది. అక్కడికి చేరేసరికి మూడు దాటింది, పొగమంచు, లైటు వేస్తే మన మొహం మీదకే తిరిగొస్తోంది. మా కెప్టెన్ అరగంటకోసారి అడుగుతున్నాడు, బాగున్నావా అని. నేను ప్రతిసారీ ఒకటే సమాధానం. ఫైన్. మన భాషలో చెప్పాలంటే పర్లేదు. మనకి ఈ మాట తల్లి పాలతో వస్తుంది కదా, అన్నం చాలా అంటే పర్లేదు, జ్వరం తగ్గిందా అంటే పర్లేదు. పైగా ముగ్గురూ తెల్లవాళ్ళు, నా ఒక్కడి వల్ల టీము ఆగిందంటే ఎంత నామోషీ!

అప్పటికే వణుకు తగ్గింది నాకు. హమ్మయ్య, ఒళ్ళు వెచ్చబడింది అనుకున్నాను. తడిసిన బట్టల్లో, గాలిలో, వేడెక్కే పని ఏమీ చేయకుండా వణుకు తగ్గిందంటే ఒంట్లో వణకడానికి కూడా సత్తువ అయిపోతోందని. అది అప్పుడు తెలీదు. మాట ముద్దగా వస్తోందిట, నాకు మాత్రం చక్కగా మాట్లాడుతున్నట్టే ఉంది.

కెప్టెన్ ఇంక బాగున్నావా అని అడగలేదు. "జాకెట్ జిప్పు పైకి లాగు" అన్నాడు. పట్టుకున్నాను. జారింది. మళ్ళీ పట్టుకున్నాను, వేళ్ళు నావి కావు, ఎవరివో అద్దెకి తెచ్చుకున్నట్టున్నాయి. మూడోసారి నేను జిప్పు వంక చూస్తూ నిలబడిపోయాను, దాన్ని ఏం చెయ్యాలో గుర్తు రాలేదు.

తర్వాతది గబగబా చెప్పేస్తాను, గొప్పగా ఏమీ లేదు. ముగ్గురూ నా చుట్టూ నిలబడి గాలికి అడ్డం పెట్టి, పొడి స్వెటరు తొడిగి, నా సంచిలోంచే మా అమ్మ పంపిన చిమ్మిలి ఉండ తీసి నోట్లో పెట్టారు (వాళ్ళ చాక్లెట్లు చలికి రాయిలా బిగుసుకుపోయాయి, చిమ్మిలి మాత్రం మెత్తగా నలిగింది, ఇది నేను ఇప్పటికీ అందరికీ చెప్తాను). మెల్లగా నడిపించి స్నేక్ పాస్ రోడ్డు మీదకి దించారు. నలుగురం అక్కడే మానేశాం. ఒక్కడు కూడా నన్ను ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

మొన్న శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాం, మా బావమరిది, ఇంకో ఇద్దరు, నేను. జనం జనం, భీముడి గుడి వైపు దీపాలు, కొండ మీద గాలి మామూలుగా లేదు. మా బావమరిది చొక్కా ఒక్కటే వేసుకుని వచ్చాడు, వెనకబడ్డాడు, మాటలు తగ్గాయి. బాగున్నావా అని అడిగితే ఏమంటాడో మీకు తెలుసు. అందుకే అడగలేదు, "ఆ సంచి తాడు ముడి విప్పు" అన్నాను. వాడు ఒక్క గుంజు గుంజి విప్పి, లోపలున్న చిమ్మిలి రెండుండలూ తినేసి, "ఇంకా ఏటి ముళ్ళున్నాయి బావా, విప్పడానికి?" అన్నాడు.