కోపానికి ఆరు ఇంగ్లిష్ మాటలు, ఆరింటికీ "కటువైన" ఒక్కటేనా?

నమస్తే అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక కాగితం గొడవ చెప్తా వినండి. హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్ పోటీ పరీక్షల పిల్లలకు పంచిన కాగితం. ఆక్రిమోనియస్, అసెర్బిక్, కాస్టిక్, విట్రియాలిక్, రాంకరస్, మార్డెంట్. ఆరు మాటలు. ఎదురుగా అర్థం: కటువైన. దాని కింద మళ్లీ కటువైన. చివరిదాకా అదే! తప్పురా నాయనా అన్నాను. "అన్నీ తిట్లకు సంబంధించిన మాటలే కదన్నా, బట్టీ కొడితే మార్కు వస్తది, నీకెందుకంత మంట?" అని కొందరు నన్నే ఎదురు అడుగుతున్నారు.

మంటే! ఎందుకో వినండి. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా కోపం అనే మాట నుంచి పుట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా! అన్నీ నాలుకకో, ముక్కుకో, చర్మానికో తగిలేవే. వీటిని బట్టీ కొట్టకూడదు, కొరికి చూడాలి, వాసన పట్టాలి. వరంగల్ పిల్లలకు ఈ మాటలు వచ్చినంత సులువుగా ఇంకెవరికీ రావని నా గట్టి నమ్మకం.

ఆక్రిమోనియస్ తీసుకోండి. లాటిన్‌లో దీని మూలానికి అర్థం పదును, ఘాటు. మార్చిలో ఏనుమాముల మార్కెట్‌కు పోండి. మిర్చి బస్తాలు దించుతుంటే గేటు దగ్గరే గొంతు పట్టేస్తుంది. అమ్మే రైతూ దగ్గుతాడు, కొనే వ్యాపారీ దగ్గుతాడు, మోసే హమాలీ దగ్గుతాడు. ఆక్రిమోనియస్ అంటే అది! రెండు పక్షాలకూ ఘాటెక్కిన గొడవకు ఈ మాట వాడతారు. విడాకుల కేసు, అసెంబ్లీలో రభస, అన్నదమ్ముల పంపకాలు. "కటువైన" అంటే ఈ దగ్గు వినిపిస్తుందా?

మిర్చి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. చూస్తే ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. తేజ మిర్చి సన్నగా ఉంటుంది, నోట్లో పెడితే ప్రాణం పోతుంది. మనుషులూ అంతే! మొహం ఎర్రబడి కేకలేసినవాడి మాటలో కారం ఉండాలనేం లేదు. మెల్లగా, నవ్వుతూ తేజ కారం పెట్టేవాళ్లను మీరు చూడలేదా? ఇంగ్లిష్‌వాళ్లు కూడా గొంతు చూసి పేరు పెట్టలేదు, రుచి చూసి పెట్టారు.

అసెర్బిక్ వేరే రుచి. పండని కాయ రుచి. అడవిలో పచ్చి తునికి కాయ కొరికారా ఎప్పుడైనా? నాలుక ముడుచుకుపోతుంది. కొందరి మాట అలాగే వగరుగా తగులుతుంది, పగ ఉండకపోవచ్చు, పక్కవాళ్లకు నవ్వు కూడా రావచ్చు. కాస్టిక్ అంటే కాల్చేది. సబ్బు తయారీకి వాడే కాస్టిక్ సోడా చేతి మీద పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

విట్రియాల్ అసలు మన రైతుల ఇళ్లలోనే ఉంది! మైలుతుత్తం. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం చేస్తామే, అదే. గాజులా మెరుస్తుందని లాటిన్‌లో గాజు పేరుతోనే పిలిచారు. ఇలాంటి ఉప్పుల నుంచి తీసిన గంధకామ్లానికి విట్రియాల్ నూనె అని పేరు. విట్రియాలిక్ అంటే మనిషి మీద యాసిడ్ పోసినట్టు మాట్లాడటం. విషం కక్కడం అంటాం కదా, ఆ స్థాయి!

ఇక నన్ను పట్టుకుని వదలని మాట రాంకర్. నూనె, పల్లీలు ముక్కిపోతే వచ్చే వాసన ఉంది చూడండి, ఇంగ్లిష్‌లో రాన్సిడ్ అంటారు. రాంకర్ దాని తోబుట్టువు. మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఒక బావి దగ్గర గట్టు కోసం కొట్టుకున్నారు. ఆ రోజు జరిగింది ఆక్రిమోనియస్. పన్నెండేళ్ల తర్వాత అన్న బిడ్డ పెండ్లికి తమ్ముడు రాలేదు. అక్షింతలు పంపితే వెనక్కి పంపాడు. కేక లేదు, తిట్టు లేదు. డబ్బాలో మూతపెట్టిన పల్లీల్లా కోపం లోపల్లోపలే ముక్కిపోయింది. అది రాంకర్! ఆ రెండింటి మధ్య పన్నెండేళ్లున్నాయి. ఒకే మాట రాసి ఆ పన్నెండేళ్లనూ ఎలా మింగేస్తారండీ?

సెప్టెంబర్ 9న కాళోజీ జయంతినాడు భాషా దినోత్సవం చేసుకునే గడ్డ ఇది. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, సూటిపోటి, చిర్రుబుర్రు, కొరకొర, అక్కసు... ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకుని పిల్లలకు "కటువైన" ఒక్కటే పంచుతారా?

మార్డెంట్ మిగిలింది. కరిచేది అని అర్థం. నూలుకు రంగు అద్దేటప్పుడు అది వదలకుండా పట్టుకోవడానికి పటిక వాడతారు, దానికీ ఇంగ్లిష్‌లో ఇదే పేరు. కొత్తవాడ జంపఖానాల ఊళ్లో పుట్టి ఆ మాటను కూడా బట్టీ కొట్టొద్దు. రేపటికి పని ఇస్తున్నా: రాంకర్ మీద మీ ఇంటి ముచ్చటతో ఒక వాక్యం రాసి పంపండి. ఆ అన్నదమ్ముల కంటే గట్టిది వస్తే ముందు దాన్నే చదువుతా. "కటువైన" అని కనిపిస్తే మాత్రం పక్కన పెట్టేస్తా!