సమన్లు చేతికి అందినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

మా వీధిలో ఆటో నడుపుకునే ఒకాయన, ట్రాఫిక్ కేసులో కోర్టు నుంచి వచ్చిన కాగితాన్ని చదవడానికి ధైర్యం చాలక, మడతపెట్టి దేవుడి పటం వెనుక దాచారు. వాయిదా దాటిపోయింది, ఆపైన వారంటు వచ్చింది. నిజానికి ఆ మొదటి కాగితంలో అరెస్టు మాటే లేదు. ఫలానా తేదీన హాజరై మీ మాట చెప్పుకోండి అని మాత్రమే ఉంది. సమన్లు అంటే అంతే.

హెల్మెట్ లేకపోవడం వంటి తప్పులకు చలానా కట్టేస్తే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది. మద్యం తాగి నడిపితే మాత్రం అలా ముగియదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే, మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు, అది తేల్చేది మెజిస్ట్రేటే.

సమన్లు అందగానే కోర్టు ముద్ర, కేసు నంబరు, సెక్షను, వాయిదా తేదీ చూసుకోండి. అన్నిటికంటే ముందు వాహనం నంబరు చూడండి. బండి ఎప్పుడో అమ్మేసి, రిజిస్ట్రేషను కొన్నవారి పేరుకు మార్పించని పాత యజమానికే కాగితం వస్తుంది. అమ్మకం పత్రాలు పదిలంగా ఉంటే ఆ సంగతి కోర్టుకు చెప్పుకోవచ్చు.

చాలామంది గమనించని వాక్యం ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 208వ సెక్షను ప్రకారం, జైలుశిక్ష లేని నేరాలలో, మీరు స్వయంగా గానీ వకీలు ద్వారా గానీ హాజరు కావచ్చుననీ, లేదా గడువులోగా నేరం ఒప్పుకుని కోర్టు చెప్పిన మొత్తం పంపవచ్చుననీ సమన్ల మీద రాయాలి. పని తేలికవుతుందని, చేయని తప్పును మాత్రం ఒప్పుకోకండి.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, మీరు దొరకనప్పుడు మీతో కలిసి ఉండే కుటుంబ సభ్యులలో వయోజనులెవరికైనా సమన్లు ఇవ్వవచ్చు. ఆడవాళ్లు తీసుకున్నారు కనుక చెల్లదన్న పాత వాదన ఇక నిలవదు. సమన్లు ఫోనుకూ రావచ్చు గానీ, చలానా పేరుతో వచ్చే యాప్ ఫైలును తెరవకండి. కేసు నంబరును ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో సరిచూసుకోండి.

వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సహాయ నంబరు 15100కు ఫోను చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. వాయిదా రోజున లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు వెంట ఉంచుకుని, బంట్రోతు పేరు పిలిచే వేళకు కోర్టు హాలు దగ్గరే ఉండండి.