ఆ ‘ఆల్మోస్ట్’లోనే ఉంది అసలు కథ: బల్సా ఏఆర్‌ఎఫ్ ట్రైనర్ రివ్యూ

హాయ్ అండీ. టేబుల్ మీద రెండు ఆర్‌సీ విమానాలున్నాయి చూడండి, అంటే రిమోట్‌తో ఎగరేసే చిన్న మోడల్ విమానాలు. ఎడమ పక్కది బల్సా అనే తేలిక కర్రతో చేసిన ట్రైనర్, అంటే ఎగరేయడం నేర్చుకునే విమానం. ఇది ఏఆర్‌ఎఫ్, అంటే ఆల్మోస్ట్ రెడీ టు ఫ్లై. ఇవాళ రివ్యూ దీనిదే. కుడి పక్కన ఫోమ్‌ది పోల్చడానికి పెట్టాను.

ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు ఆర్‌సీ విమానం అంటే మనమే కట్టుకునే కిట్టే. డబ్బా తెరిస్తే ప్లాన్ కాగితం, బల్సా ముక్కలు, అంతే. సిగ్ కంపెనీ వాళ్ల ట్రైనర్ కాడెట్ ఎల్‌టీ-40 తీసుకోండి, 70 అంగుళాల రెక్క, అందులో అడ్డంగా ఉండే ఒక్కో పలక, అదే రిబ్, అతికించి, ఉప్పు కాగితంతో రుద్ది, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఇస్త్రీ చేసి అతికించుకునేసరికి ఎన్ని సాయంత్రాలు పోతాయో లెక్కుండదు. తర్వాత అదే విమానం ఏఆర్‌ఎఫ్‌గానూ వచ్చింది. రెక్కలు కట్టేసి, ఫిల్మ్ వేసేసి ఇచ్చారు, మనకి మిగిలింది రెక్కలు కలపడం, తోక అతికించడం, ఇంజిన్, రెక్క, తోకల్లో కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్లు, అవే సర్వోలు, బిగించడం. ఆ తర్వాత లిపో బ్యాటరీ, బ్రష్‌లెస్ మోటారు, ఫోమ్ వచ్చాక ఆ పని కూడా నాలుగు స్క్రూలకి దిగింది. పాత రేడియోల్లో ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒక్కరే ఎగరేయాలి, ఆ ఛానెల్ పిన్ ఎవరి దగ్గరుంటే వాళ్లదే వంతు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలతో, ఫీల్డులో ఆ పిన్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని కూర్చునే బాధ కూడా పోయింది. ఇక 2013లో అప్రెంటిస్ ఎస్ లాంటి ఫోమ్ ట్రైనర్లు వచ్చాక, బిగినర్ మోడ్‌లో స్టిక్ వదిలేస్తే విమానమే తిన్నగా అయిపోతోంది!

సరే, మన బల్సాది. కంపెనీ పేరు చెప్పను. ఇంజిన్ బిగించే ముందు ముక్కు దగ్గరున్న ప్లైవుడ్‌ని, అదే ఫైర్‌వాల్‌ని, బొటనవేలితో నొక్కితే చిన్నగా టిక్ మంది. టార్చ్ వేసి చూస్తే జిగురు ఒక పక్కనే ఉంది, రెండో పక్క పొడి కర్ర. అలాగే ఎగరేసి ఉంటే ఇంజిన్ ఒక దారి, నేనో దారి. ముప్పై నిమిషాల ఎపాక్సీ కలిపి, మూలల్లోకి పుల్లతో తోసి, రాత్రంతా వదిలేశాను. కదిలే పలకల్ని పట్టుకునే హింజ్‌లు కూడా ఒక్కొక్కటీ లాగి చూశాను, ఒకటి చేతిలోకే వచ్చేసింది. టెక్సస్ ఎండకి కార్లో ఒక గంట ఉంచితే ఫిల్మ్ ముడతలు పడింది, చిన్న ఇస్త్రీ పెట్టెతో సరిచేస్తుంటే, చొక్కాలకి ఇంత శ్రద్ధ ఎప్పుడైనా పెట్టావా అని మా ఆవిడ. సీజీ, అంటే విమానం బరువు ఎక్కడ సమతూకంగా నిలుస్తుందో చూస్తే, తోక బరువు, ముక్కులో 60 గ్రాముల సీసం పెట్టాల్సి వచ్చింది.

ఎగిరితే మాత్రం, అబ్బా! థ్రాటిల్ తగ్గించి వస్తే తేలుతూ దిగుతుంది, గాలికి ఫోమ్‌ది ఊగినంత ఊగదు.

కొనొచ్చా అంటే, మొదటి విమానంగా వద్దు. ఫోమ్‌ది పడినా జిగురేసుకుని సాయంత్రానికి మళ్లీ ఎగరేయొచ్చు, ఇది పడితే రెక్క పుల్లలు ఏరుకోవాలి. ఒక సీజన్ ఎగరేశాక అయితే తీసుకోండి, కానీ ఇంజిన్, సర్వోలు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ డబ్బాలో రావు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఎపాక్సీ కూడా.