ఉచిత సీటు, వ్యాన్ ఫీజు: విశాఖ స్టూడియోలో జరిగిన చర్చ

(విద్యాహక్కు చట్టం కింద సీటొచ్చిన ఓ పాపను ఫీజు బాకీ అంటూ క్లాసు బయట నిలబెట్టారన్న ఆరోపణపై చర్చ. మాటలు పడినవి పడినట్టే రాశాను.)

యాంకర్: మాస్టారూ, సూటిగా అడుగుతా. ప్రైవేటు స్కూళ్లకిచ్చే ఈ సీట్ల డబ్బేదో సర్కారు బడికే పెడితే పోదా?

రిటైర్డ్ హెడ్మాస్టర్: అక్కడా పెట్టాలి. కానీ 2009 చట్టం, సెక్షన్ 12 ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు కూడా...

స్కూళ్ల సంఘం ప్రతినిధి: కోర్టు సరే సార్, డబ్బెవరిస్తారు? పట్టణాల్లో ఒక్కో పిల్లకు ప్రభుత్వమిచ్చేది ఏడాదికి 8,000 రూపాయలని రేటు కట్టారు. నెలకు ఏడు వందలు కూడా పడదు! టీచర్ జీతం, బిల్డింగ్ అద్దె, కరెంటు బిల్లు...

హెడ్మాస్టర్: పిల్లను విడిగా కూర్చోబెట్టకూడదని నిబంధనల్లోనే ఉంది. బయట నిలబెట్టడమేంటి?

ప్రతినిధి: ఆరోపణ సార్ అది, ఆరోపణ! 8,000 గురించి చెప్పండి ముందు!

(ముగ్గురూ ఒకేసారి)

యాంకర్: అమ్మా, మీరు చెప్పండి. జాలారిపేట కదా మీది?

తల్లి: అవును బాబూ. మా ఆయన చేపల వేటకెళ్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బందు. బడి తెరిచేది జూన్‌లోనే. సీటు ఉచితమే అన్నారు. బూట్లు, పుస్తకాలు, వ్యాన్ ఫీజు అన్నీ అప్పుడే అడుగుతారు. అప్పు చేసి మిగతావి కట్టాం. పాప బాగా చదువుతోంది బాబూ, మాన్పించాలని లేదు. ఆ వ్యాన్ డబ్బులు కాస్త నెల ఆగి...

ప్రతినిధి: వ్యాన్ మాది కాదమ్మా, డీజిల్ రేటెంతో తెలుసా మీకు?

(ఆమె మాట అక్కడే ఆగిపోయింది. చర్చ మొత్తంలో పనికొచ్చే మాట ఆమె అడిగిన ఆ నెల గడువొక్కటేనని నా అభిప్రాయం.)

హెడ్మాస్టర్: పుస్తకాలు, యూనిఫాం ఉచితంగా ఇవ్వాలని కేంద్ర నమూనా నిబంధనలు చెబుతున్నాయి...

ప్రతినిధి: నమూనాయే కదా! మాకు చేతికి వచ్చేదెంత?

యాంకర్: అందుకే నేననేది, సర్కారు బడి బాగుంటే ఈ గొడవే ఉండదు కదా?

హెడ్మాస్టర్: ఈ ఏడు ఒకటో తరగతిలో చేరే పిల్ల అప్పటిదాకా ఆగుతుందా? పైగా ఈ సీటు ఎనిమిదో తరగతి వరకే. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడికి...

ప్రతినిధి: మళ్లీ చెప్తున్నా, 8,000!

యాంకర్: టైమ్ అయిపోతోంది. సార్, చివరిగా మీ మాట, అర నిమిషంలో.

ప్రతినిధి: (రెండు నిమిషాలు) బకాయిలు తీర్చండి, రేటు పెంచండి, తర్వాతే సీట్లు అడగండి.

తల్లి: బాబూ, నేనొక్క మాట...

యాంకర్: బ్రేక్ తర్వాత అమ్మా.

(బ్రేక్ తర్వాత వేరే కార్యక్రమం మొదలైంది.)