పొయ్యి దగ్గర నిలబెట్టండి

అందరికీ నమస్కారం. ఈ సభకి గుంటూరు హోటళ్ళ యజమానులు, కేటరింగ్ చేసేవాళ్ళు చాలామంది వచ్చారు. అందుకని వంటపని శిక్షణ గురించి సూటిగానే మాట్లాడతాను.

మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళు. సీజన్లో మిర్చి మార్కెట్ యార్డు చుట్టుపక్కల, కోల్డ్ స్టోరేజీల దగ్గర వాళ్ళకి పని ఉంటుంది. ఎండాకాలం దాటితే కూలి దొరకడం కష్టం. గోంగూర, పప్పుచారు, చేపల పులుసు వీళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. అయినా మన హోటళ్ళలో పొయ్యి దగ్గర మాస్టరు దాదాపు ఎప్పుడూ మగవాడే. ఆడవాళ్ళు వెనక అంట్లు తోముతూ, ఉల్లిపాయలు తరుగుతూ ఉంటారు. ఆ రెండు పనుల జీతాలకి ఎంత తేడా ఉందో మీకు తెలుసు. ఆ తేడా దాటించడానికే ఈ శిక్షణ.

వంట వచ్చినవాళ్ళకి మేం ముందు నేర్పేది కత్తి పట్టుకోవడం. ఇంట్లో కింద కూర్చుని కత్తిపీట మీద తరగడం వాళ్ళకి అలవాటు. అక్కడ కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. హోటల్లో నిలబడి, బోర్డు మీద కత్తిని కదపాలి. వేళ్ళ కొసలు లోపలికి ముడిచి, కత్తిని కణుపులకి ఆనించి తరగమంటే మొదట్లో చెయ్యి తిరగదు. సాయంత్రానికి కాళ్ళు పీకేస్తాయి. మానేసేవాళ్ళు ఎక్కువగా అప్పుడే మానేస్తారు. అందుకే ఆ రోజుల్లో స్పీడు గురించి మాటెత్తం.

కొలత కూడా కొత్తే. ఐదుగురి పులుసు వందమందికి చెయ్యాలని ఇరవై రెట్లు నీళ్ళు పోస్తే పలచనైపోతుంది, పెద్ద డేగిసాలో నీళ్ళు ఆ లెక్కన ఇగరవు. చదువు రానివాళ్ళకి డబ్బాల మీద గీతలు గీసి చూపిస్తాం.

నేను బాగా పట్టుబట్టేది వేడి విషయంలో. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. మన మే నెల ఎండల్లో గది వేడే 40 దాటుతుంది. అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం బయట వదిలేస్తే అవి విషం తయారుచేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. "వాసన చూస్తే తెలిసిపోద్ది కదా మేడం" అంటారు. తెలియదు. అందుకే థర్మామీటర్ గుచ్చి చూడమంటాం.

ప్రభుత్వ పథకాలు లేకపోలేదు. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన అనే కేంద్ర ప్రభుత్వ పని శిక్షణ పథకం మంచిదే. కానీ అది పల్లెల్లోని యువతకి. వయసు 15 నుంచి 35, ఆడవాళ్ళకైతే 45 దాకా. గుంటూరు బస్తీలో ఉండే నలభై ఎనిమిదేళ్ళ మనిషికి అందులో చోటు లేదు. ఫీజు లేదన్నంత మాత్రాన కూడా సరిపోదు. క్లాసుకి వచ్చిన రోజు ఆవిడకి కూలి పోతుంది. కూలి ఇవ్వని శిక్షణకి ఎలాగోలా ఇల్లు గడిచేవాళ్ళే రాగలుగుతారు, ఎవరు రావాలని మనం అనుకుంటామో వాళ్ళు రాలేరు.

కాబట్టి యజమానులకి నా విన్నపం ఒకటే. శిక్షణ చివరి నెల వీళ్ళని మీ వంటగదిలో, మీ మాస్టరు పక్కన నిలబెట్టండి. ఆ నెల కూలి మీరే ఇవ్వండి. టిఫిన్ల షిఫ్టు తెల్లారుజామున మొదలైతే ఆటో ఏర్పాటు చెయ్యండి. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది చూపించండి. అంట్ల దగ్గరికి పంపితే మాత్రం మేం వచ్చి తీసుకెళ్ళిపోతాం. ఒప్పుకున్నవాళ్ళు వెళ్ళేముందు గుమ్మం దగ్గర టేబుల్ మీదున్న పుస్తకంలో హోటల్ పేరు, ఎంతమందిని తీసుకుంటారో రాసి వెళ్ళండి.