పాత ఫిల్ములు తెచ్చారా?

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

స్కానింగ్ కోసం వచ్చినవారిని మేము ముందుగా అడిగే ప్రశ్నతోనే ఈ ప్రసంగం మొదలుపెడతాను: "పాత ఫిల్ములు తెచ్చారా?" చాలాసార్లు వచ్చే జవాబు, "పాతవే కదండీ, ఇంట్లో ఎక్కడో ఉన్నాయి" అని. కొత్త స్కాన్ తీస్తున్నప్పుడు పాతదానితో పనేముందన్నది వారి లెక్క. మల్టిపుల్ స్క్లీరోసిస్, మతిని క్రమంగా తినేసే డిమెన్షియా విషయంలో ఆ లెక్క తప్పుతుందనీ, ఈ రెండు జబ్బుల గురించి మెదడు బొమ్మలు మనకు నేర్పినదాంట్లో ఎక్కువ భాగం ఒకే మెదడును రెండుసార్లు చూసి, నడుమ ఏం మారిందో కొలవడం వల్లనే తెలిసిందనీ ఈ పూట చెప్పదలిచాను.

ఎం.ఎస్. అని మేము పొట్టిగా పిలిచే మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో, ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలే నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ పొరను దెబ్బతీసి, మెదడులోనూ వెన్నుపాములోనూ మచ్చలు మిగులుస్తాయి. పారిస్‌లోని సాల్‌పేట్రియేర్ ఆసుపత్రిలో నరాల వైద్యుడు షార్కో 1868లో ఈ జబ్బును వర్ణించిన నాటికి, ఆ మచ్చలను చూడాలంటే మనిషి చనిపోయాక మెదడును కోయవలసిందే. 1981లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం 10 మంది రోగులకు సీటీ స్కాన్‌తో పాటు అప్పుడే కళ్లు తెరుస్తున్న ఎమ్మారై కూడా తీసింది. సీటీలో 19 మచ్చలు కనిపించాయి. ఎమ్మారైలో ఆ 19 కాక మరో 112 బయటపడ్డాయి.

అయితే అసలు మలుపు ఆ తర్వాతిది. లండన్‌లో నరాల వైద్యానికి పేరున్న క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలోనూ, కెనడాలోని వాంకూవర్‌లోనూ పరిశోధకులు ఒకే రోగికి కొన్ని వారాలకోసారి స్కాన్ తీస్తూ పోయారు. రోగి "బాగానే ఉన్నానండీ" అంటున్న రోజుల్లోనే లోపల కొత్త మచ్చలు పుడుతున్నాయనీ, జబ్బు లక్షణాలుగా బయటికి తెలిసే ఒక్కో అటాక్‌కు లోపల పుట్టే మచ్చలు అయిదు నుంచి పది దాకా ఉంటాయనీ అప్పుడు తేలింది. అటాక్‌కూ అటాక్‌కూ మధ్య జబ్బు నిద్రపోతుందన్న నమ్మకం దానితో పోయింది. 1993లో అమెరికాలో ఎం.ఎస్. అటాక్‌లను తగ్గించే ఇంటర్‌ఫెరాన్ బీటా మందుకు అనుమతి రావడంలో వాంకూవర్ బృందం చూపిన స్కాన్ల పాత్ర చాలా పెద్దది. 2001లో నరాల వైద్యుడు ఇయాన్ మెక్‌డొనాల్డ్ పేరిట వచ్చిన నిర్ధారణ నియమాలు, రెండో అటాక్ వచ్చేదాకా ఆగకుండా, తర్వాతి స్కాన్‌లో కొత్త మచ్చ కనిపిస్తే జబ్బును ఖాయం చేయవచ్చని చెప్పాయి. అంటే రెండో స్కానే రెండో సాక్షి అయింది.

ఆ మచ్చలు ఎలా ఉంటాయో కొంచెం దగ్గరగా చూద్దాం. మెదడును పక్క నుంచి కోసినట్టు చూపే బొమ్మలో, నడుమ నీటి గదుల అంచు మీద తెల్లటి కోల మచ్చలు వేళ్లు నిలబెట్టినట్టు బారుగా లేచి ఉంటాయి. అక్కడి చిన్న సిరల వెంట వాపు పాకడం వల్ల వాటికి ఆ ఆకారం వస్తుంది. ఈ ఆకారమూ, చోటూ చూడకుండా మచ్చల లెక్క మాత్రమే చూస్తే ప్రమాదం. మైగ్రేన్‌లోనూ, బీపీ, షుగర్ ఉన్నవారిలోనూ, వయసు మీరినవారిలోనూ తెల్ల మచ్చలు ఉంటాయి. తలనొప్పికి స్కాన్ తీయించుకున్న పాతికేళ్ల అమ్మాయి ఒకరు, రిపోర్టులో మూడు మచ్చలని ఉన్నందుకు తనకు ఎం.ఎస్. అనుకుని, నిశ్చయమైన పెళ్లిని ఆపించుకుని మా దగ్గరికి వచ్చింది. ఏడాది తర్వాత తీసిన స్కాన్‌లోనూ అవే మూడు మచ్చలు, అదే చోట, అదే పరిమాణంలో ఉన్నాయి. ఆ ఏడాదంతా ఆమె పడిన వేదన తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మరో చిక్కు ఉంది. మెదడు నిండా మచ్చలున్న మనిషి నడుచుకుంటూ లోపలికి రావచ్చు, వెన్నుపాములో ఒకే మచ్చ ఉన్న మనిషిని చక్రాల కుర్చీలో తీసుకురావలసి రావచ్చు. అందుకే ఇప్పుడు పరిశోధకులు మచ్చలతో పాటు మెదడు మొత్తం ఏటా ఎంత కుంచించుకుపోతోందో కూడా కొలుస్తున్నారు. ఆ కొలతే మనల్ని డిమెన్షియా వైపు తీసుకుపోతుంది.

ఎమ్మారై గదిలోకి లోహం పోకూడదు కాబట్టి మెట్టెలు, తలపిన్నులు, పిన్నీసులు అన్నీ తీయిస్తాం. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ మంగళసూత్రం తీయనని పట్టుబడితే, కూతురు పసుపుకొమ్ము కట్టిన తాడు మెడలో వేసి ఒప్పించింది. లోపలికి వెళ్తూ ఆవిడ, "ఈ గుహలోకి నేనెప్పుడూ పోలేదు బాబూ, భయమేస్తోంది" అన్నారు. రెండేళ్ల కిందట అదే మిషన్‌లో ఆవిడకు స్కాన్ తీశాం. అప్పటి బొమ్మనూ, ఇప్పటి బొమ్మనూ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఆనించి చూస్తే, కణతల లోపలివైపు ఉండే హిప్పోకాంపస్ రెండు పక్కలా సన్నబడింది. కొత్త జ్ఞాపకాలను నిలిపే చోటు అదే. వయసు మళ్లిన ఆరోగ్యవంతుల్లో అది ఏటా ఒకటిన్నర శాతం మేర తగ్గితే, డిమెన్షియాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అల్జీమర్స్‌లో నాలుగైదు శాతం దాకా తగ్గుతుంది. ఒక్క స్కాన్‌లో ఆ తేడా తెలియదు, ఎందుకంటే పుట్టుకతోనే చిన్న హిప్పోకాంపస్ ఉన్నవారూ ఉంటారు.

అల్జీమర్స్‌కు మూలమనుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను బతికున్న మెదడులో చూపించినది, కొద్దిపాటి రేడియోధార్మిక రసాయనాన్ని ఎక్కించి తీసే పెట్ స్కాన్. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో తయారైన, అమిలాయిడ్‌కు అంటుకునే రసాయనాన్ని 2002లో స్వీడన్‌లోని ఉప్సాలాలో తొలిసారి రోగికి ఎక్కించారు. మతి చక్కగా ఉన్న వృద్ధుల్లో సైతం కొందరి మెదళ్లలో అమిలాయిడ్ పేరుకుని ఉందన్నది ఆ స్కాన్లు చెప్పిన కలవరపరిచే సంగతి. జ్ఞాపకం తడబడటానికి పది, పదిహేనేళ్ల ముందే అది మొదలవుతుంది. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ మందు ఈ అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. కానీ మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు రావచ్చు కాబట్టి ఆ మందు వాడేవారికి మళ్లీ మళ్లీ ఎమ్మారై తప్పదు.

దెబ్బ ఒకటే అయినా మనుషులు దాన్ని ఒకేలా అనుభవించరు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడిందనీ, చదువు రానివారిలోనూ ఆ తేడా ఉందనీ 2013లో ప్రకటించింది. మన ఊళ్లలో తెలుగూ ఉర్దూ రెండూ మాట్లాడుకునే ఇళ్లను తలచుకుంటే ఈ ఫలితం నాకు ఎంతో ఆప్తంగా తోస్తుంది.

కొలత అన్నాక ప్రమాణం కావాలి. ప్రపంచమంతా వాడే ప్రామాణిక మెదడు నమూనా మాంట్రియల్‌లో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది భారతీయుల స్కాన్లతో 2019లో మన నమూనాను తయారుచేసి, సగటు భారతీయ మెదడు ఎత్తులోనూ, వెడల్పులోనూ, ఘనపరిమాణంలోనూ పాశ్చాత్య నమూనా కంటే చిన్నదని చూపారు. పరాయి కొలబద్దతో కొలిస్తే మన ఆరోగ్యవంతుడి మెదడు కూడా కుంచించుకుపోయినట్టు కనిపించే అవకాశం ఉంది.

కాబట్టి స్కాన్ తీయించుకున్నవారు ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోవాలి. కుదిరితే మళ్లీ అదే మిషన్‌లో తీయించుకోవాలి. బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, కోలారు జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి పరీక్షిస్తోంది. ఆంధ్ర సరిహద్దులోని ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రేపెప్పుడో అక్కడి ఒక అవ్వకు మనవరాలి పేరు గుర్తుకు రాని రోజు వస్తే, జబ్బు లేనప్పటి ఆవిడ మెదడు బొమ్మ బెంగళూరులో భద్రంగా ఉండవచ్చు.