సాయంత్రం కాగిన నీళ్ళు తెల్లవారేసరికి ఎందుకు చల్లారుతున్నాయి? తిరుపతిలో ఒక పాత సోలార్ హీటర్ రివ్యూ

అందరికీ నమస్కారం. తిరుపతిలో జీవకోన వైపు ఒక ఇంటి మిద్దె మీద ఉన్న 200 లీటర్ల ట్యాంకూ, ఎండకు నీళ్ళు కాచే 20 గాజు ట్యూబులూ ఉన్న సోలార్ వాటర్ హీటర్‌ను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. ఇది కొత్తది కాదు. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బోరు నీళ్ళకూ ఓర్చుకుని, ఈ చలికాలంలో మరమ్మతుకు వచ్చిన హీటరు. కొన్న కొత్తలో ఏ హీటరైనా బాగానే పనిచేస్తుంది, దాని అసలు గుణం ఇలా పాతబడినప్పుడే బయటపడుతుంది కాబట్టి కావాలనే దీన్ని ఎంచుకున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ చూపించబోయే లోపాలు ఈ రకం హీటర్లలో దేనికైనా రావచ్చు.

ఈ ఇంట్లో ధనుర్మాసమంతా తెల్లవారుజామున నాలుగున్నరకే స్నానాలు మొదలవుతాయి. "పొద్దుగూకే వేళకి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి సామీ, తెల్లారి లేచి కొళాయి తిప్పితే గోరువెచ్చగా కూడా రావు" అని ఇంటి పెద్దావిడ చెప్పారు. అంతకుముందు చూసి వెళ్ళిన మెకానిక్ "ట్యూబులన్నీ మార్చెయ్యాలమ్మా" అన్నారట. ఆవిడ చెప్పిన మాటను మరొకసారి గమనించండి. సాయంత్రానికి నీళ్ళు అంత వేడెక్కుతున్నాయంటే కాచే భాగం చాలావరకు సరిగానే ఉన్నట్టు, వేడిని రాత్రంతా నిలిపి ఉంచవలసిన భాగంలోనే లోపం ఉన్నట్టు. చలికాలంలో మన ఊళ్ళో సోలార్ హీటర్ల మీద వచ్చే ఫిర్యాదులలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల అవసరం లేని మరమ్మతులకు డబ్బు పోతోంది. నాకు బాధ కలిగించే విషయం అదే.

అందుకే ఎవరినైనా పిలిచే ముందు మీరే ఒక పరీక్ష చేయండి. సాయంత్రం ఆరింటికి, ఆ రాత్రి ఎవరూ వేడినీళ్ళు వాడకుండా చూసుకుని, ట్యాంకుకు దగ్గరలో ఉన్న కొళాయి తిప్పి, పైపులో నిలిచిన నీళ్ళు పోయాక వచ్చే నీళ్ళలో థర్మామీటరు పెట్టి వేడి ఎంతో రాసుకోండి. తెల్లవారి ఐదింటికి మళ్ళీ అలాగే చూడండి. ఈ హీటరులో సాయంత్రం 56 డిగ్రీలు ఉంటే, తెల్లవారేసరికి 37 మిగిలాయి. రెండు వందల లీటర్ల నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 0.23 యూనిట్ల శక్తి కావాలి. అంటే 19 డిగ్రీలు తగ్గడమంటే రాత్రికి రాత్రి సుమారు నాలుగున్నర యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి మిద్దె మీద గాలిలో కలిసిపోయినట్టు. ట్యాంకూ ట్యూబులూ బాగున్న ఇటువంటి హీటరు రాత్రికి ఆరేడు డిగ్రీలు, మరీ చలిగా ఉంటే ఎనిమిది దాకా కోల్పోవడం సహజం. పలమనేరు, కుప్పం లాంటి ఎత్తైన చోట్ల ఇంకొంచెం ఎక్కువ తగ్గవచ్చు. పదిహేను దాటితే మాత్రం ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఇప్పుడు కెమెరాను ట్యూబుల అడుగు భాగానికి దగ్గరగా తీసుకువెళ్తున్నాను. ఒక్కో ట్యూబు రెండు పొరల గాజు, ఆ పొరల మధ్య గాలి లేకుండా తీసేసి ఉంటారు. లోపలి వేడి బయటికి పోకుండా ఆపేది ఆ శూన్యమే. అడుగున అద్దంలా మెరుస్తున్న ఈ వెండి రంగు పూతను చూడండి, అది బేరియం. శూన్యం పోయి లోపలికి గాలి చేరితే ఆ మెరుపు పోయి, సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. ఈ వరుసలో ఎడమ నుంచి ఆరోదీ, పదమూడోదీ తెల్లబడ్డాయి, తక్కిన పద్దెనిమిదీ తళతళలాడుతున్నాయి. మంచి ట్యూబు మిట్టమధ్యాహ్నం కూడా బయటి గాజు మీద వేలు పెట్టగలిగేంత చల్లగా ఉంటుంది, చెడినది చురుక్కుమంటుంది. కాబట్టి మార్చవలసినవి రెండే. ఇరవై మార్చమన్న సలహాను నేను ఒప్పుకోను. ట్యూబు మార్చే పని ఎండ ఎక్కకముందే పూర్తి కావాలి, ఎందుకంటే ఖాళీగా ఎండలో కాగిన ట్యూబులోకి చల్లటి నీళ్ళు దిగితే అది పగిలిపోతుంది.

రెండు ట్యూబులు చెడినంత మాత్రాన 19 డిగ్రీలు తగ్గవు. అసలు దోషం ట్యాంకులో దొరికింది. ట్యాంకు పక్క మూత అతుకు దగ్గర సన్నటి సందు కనిపిస్తోంది కదా, దాని కింద తుప్పు చార కూడా ఉంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మన తిరుపతిని ఎంతగా తడుపుతాయో మీకు తెలుసు. 2021 నవంబరు వానలను ఈ ఊరు ఇంకా మరిచిపోలేదు. ఆ సందులోంచి వాన నీళ్ళు దిగి, లోపలి ట్యాంకుకూ బయటి రేకుకూ మధ్య నింపిన పఫ్‌ను, అంటే పాలియురేథేన్ ఫోమ్‌ను, తడిపేశాయి. పొడిగా ఉన్న పఫ్ వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. నీళ్ళు దానికన్నా ఇరవై రెట్లకు పైగా పోనిస్తాయి. తడిసిన కంబళి కప్పుకుని చలిలో పడుకున్నవాడి పరిస్థితే ఇక్కడ ట్యాంకుదీ. మూత విప్పినప్పుడు ఒక మూల పఫ్‌ను వేళ్ళతో నొక్కితే నీళ్ళు కారాయి. వీడియోలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే తడి ప్రతిసారీ వాన వల్లే వస్తుందనుకోవద్దు. ట్యూబు ట్యాంకులోకి దిగే చోట ఉండే సిలికాన్ రింగు గట్టిపడి బీటలు వారితే వేడినీళ్ళే లోపలినుంచి పఫ్‌లోకి ఊరుతాయి. వానలు ఆగి ఎండలు కాస్తున్నా ట్యాంకు అడుగున చుక్కలు పడుతూనే ఉంటే రింగునో, లోపలి ట్యాంకు వెల్డింగునో అనుమానించాలి. ఇక్కడ లోపలి ట్యాంకు గట్టిగా ఉంది కాబట్టి తడిసిన పఫ్ తీసేసి, బాగా ఆరబెట్టి, కొత్తగా పఫ్ పోయించి, అతుకంతా సీలెంటుతో మూయించారు. చెడిన ట్యూబులు రెండూ, గట్టిపడిన రింగులూ మార్చారు. ఆ తర్వాత చేసిన పరీక్షలో సాయంత్రం 57 డిగ్రీలు ఉన్నవి తెల్లవారేసరికి 49 అయ్యాయి. ఇది నాకు తృప్తినిచ్చిన ఫలితం. లోపలి స్టీలు ట్యాంకే చిల్లులు పడి ఉంటే మాత్రం ఈ ఖర్చంతా వద్దనే చెప్పేవాణ్ణి. ఒకచోట వెల్డింగు చేయిస్తే కొన్నాళ్ళకు మరొకచోట కారుతుంది.

పైపుకు తొడుగు వేస్తే పొద్దున కొళాయి తిప్పగానే వేడినీళ్ళు వస్తాయని ఒక అపోహ ఉంది. ఈ ఇంట్లో ట్యాంకు నుంచి కింది స్నానాల గదికి ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు ఇరవై మీటర్ల దాకా ఉంది, అందులో ఐదు లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. పైపు మీది నల్లటి ఫోమ్ తొడుగును కొంత ఎండ పొడిపొడి చేసింది, తక్కినది కొండ దిగి వచ్చే కోతులు పీకి పారేశాయి. కొత్త తొడుగు వేయించడం మంచిదే, దాని మీద అల్యూమినియం టేపు చుట్టించడం ఇంకా మంచిది. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేటప్పుడు అది ఎంతో ఉపయోగపడుతుంది. కానీ రాత్రంతా కదలకుండా పైపులో నిలిచిన ఐదు లీటర్లను ఏ తొడుగూ వేడిగా ఉంచలేదు. పొద్దున మొదట వచ్చే చన్నీళ్ళను బకెట్లో పట్టి మొక్కలకు పోసుకోండి. కొత్తగా ఇల్లు కట్టేవారు స్నానాల గదికి సరిగ్గా పైనే ట్యాంకు వచ్చేలా చూసుకోండి.

ఇంకొక రహస్య దొంగ మిక్సర్ కొళాయి. వేడినీళ్ళ, చన్నీళ్ళ పిడులు రెండూ తెరిచే ఉంచి, షవరు చివర మాత్రం కట్టేసే అలవాటు కొందరికి ఉంటుంది. అప్పుడు ఒత్తిడి ఎక్కువగా ఉన్న చన్నీళ్ళు ఆ కొళాయి గుండానే వేడినీళ్ళ పైపులోకి ఎక్కుతాయి. రాత్రి పిడులు రెండూ కట్టారో లేదో చూసుకోండి.

కొందరిది దీనికి పూర్తిగా వేరే సమస్య, వాళ్ళకు సాయంత్రానికే నీళ్ళు కాగవు. వాళ్ళు ముందుగా నీడను చూడాలి. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్ నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు కాబట్టి దక్షిణాన ఉన్న గోడ నీడ మన హీటరు మీద పడదు. డిసెంబరులో అదే పది అడుగుల గోడ మిట్టమధ్యాహ్నం కూడా ఏడున్నర అడుగుల నీడ పరుస్తుంది. శేషాచలం కొండ మనకు ఉత్తరాన ఉంది కనుక దానితో బాధ లేదు, దక్షిణాన పక్కింటివారు కొత్తగా వేసిన అంతస్తుతోనే బాధ. నీడ లేకపోయినా కాగకపోతే గార సంగతి చూడాలి. కల్యాణి డ్యామ్ నీళ్ళో తెలుగు గంగ నీళ్ళో వచ్చే ఇళ్ళలో కన్నా బోరు నీళ్ళ ఇళ్ళలో సున్నపు గార త్వరగా కడుతుంది, నీళ్ళు వేడెక్కే కొద్దీ ఇంకా ఎక్కువగా పేరుకుంటుంది. దాన్ని సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళతో కరిగించండి. బాత్రూములు కడిగే యాసిడ్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకండి, అందులోని క్లోరైడ్ స్టీలు ట్యాంకును గుంటలు గుంటలుగా తినేస్తుంది. బోరు నీళ్ళకు సన్నటి రాగి గొట్టాలుండే ఫ్లాట్ ప్లేట్ రకం కన్నా ఈ ట్యూబుల రకమే నయమని నా అభిప్రాయం.

ఇక మబ్బు పట్టిన రోజుల మాట. ఎండే లేనప్పుడు ఎంత మంచి హీటరైనా చేయగలిగింది లేదు, ట్యాంకులోని కరెంటు కాయిల్ వాడక తప్పదు. కానీ రాత్రి పడుకునే ముందు స్విచ్ వేసి వదిలేస్తే తెల్లవార్లూ చల్లారే వేడిని తెల్లవార్లూ కొనుక్కున్నట్టవుతుంది. రెండు వందల లీటర్లను 15 డిగ్రీలు పెంచడానికి రెండు కిలోవాట్ల కాయిల్‌కు గంటా ముప్పావు సమయం చాలు. నాలుగున్నరకు స్నానమైతే టైమరును రెండున్నరకు పెట్టండి, ఆ లైనుకు ఎర్తింగూ, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చూ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే వాడండి.